గుండీలు లేని కోటు

లాంచీ కదిలిందో లేదో చిన్నది ఒళ్ళోని సంచీ జిప్పు లాగి మళ్ళీ చూసుకుంది. ఉంది, కోటు ఉంది, ఎక్కడికి పోతుంది, విమానంలో కాళ్ళ సందున ఇరికించుకుని, బస్సులో తల కింద పెట్టుకుని, రేవులో టికెట్టు తీసుకునేటప్పుడు కూడా భుజం మీంచి దించకుండా తెచ్చిన సంచీ, అయినా చూసుకుంది, చూసుకోకపోతే ఆమెకి తోచదు. యాభై దాటింది, జుట్టు సగం నెరిసింది, కుట్టు దుకాణంలో ఆమె చెయ్యి కింద ఇద్దరు పనివాళ్ళున్నారు, అయినా ఇంట్లో ఆమె చిన్నదే, ఎందుకంటే పైన పెద్దదొకతి ఉంది. ఆ పెద్దదాన్ని, అంటే అక్కని, చూడటానికే దేశం దాటి ఈ ప్రయాణం. ఇంకో గంటలో దీవి వచ్చేస్తుందని టికెట్లతను చెప్పాడు. దీవిలో రేవు, రేవులో అక్క. లేకపోతే అక్కనని చెప్పుకునే ఇంకెవరో. లేకపోతే అదీ కాదు, బావ ఒక్కడే, చేతులు కట్టుకుని, తల దించుకుని, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక గొంతు సవరించుకుంటూ. ఆ మూడోదాని దాకా వచ్చేసరికి ఆమె మనసు మొండికేసిన గిత్తలా వెనక్కి తిరిగిపోతుంది, చెయ్యి మళ్ళీ జిప్పు మీదికి వస్తుంది.

కిటికీ అద్దాల మీద ఉప్పు చారలు. లోపల డీజిలు వాసన, పిండి బస్తాలు, గోనెలో చుట్టిన కిటికీ అద్దాలు, పూలకుండీలు కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక ముసలావిడ. తలపైన పలకకి ప్రాణరక్షణ చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి, నారింజ రంగువి. వాటి కుట్టు చూడగానే చిన్నదానికి ఒళ్ళు మండింది, ఒంటి కుట్టు, అదీ పొడుగు టాకా, నీళ్ళు తగిలితే పటపటా ఊడుతుంది, వీటిని నమ్ముకుని ఇంతమంది సముద్రం దాటుతున్నారా, బుద్ధుందా వీళ్ళకి, నాకుందా? మనుషుల ముఖం చూసే ముందు కాలరు చూసే అలవాటు ఆమెది. టికెట్లతని కాలరు తిరగేసి కుట్టించుకున్నది, పొదుపరి. ముసలావిడ కోటు చేతి అంచులు నలిగి ఉన్నాయి కానీ ఉతికి ఉన్నాయి, నమ్మచ్చు. ఎదురుబల్ల మీద, కాన్వాసు టపా సంచీని పసిబిడ్డలా పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి చొక్కాకి రెండో గుండీ మాత్రం వేరే రంగు. ఇతనెందుకు నావైపు అదే పనిగా చూస్తున్నాడు? చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, కిటికీ నా వెనకుంది. అయితే మాత్రం, కిటికీలో ఏముంది చూడటానికి, రోజూ చూసే నీళ్ళేగా.

"నీకు అనుమానం లేకపోతే అన్నం అరగదే," అంటాడు ఆయన. ఆయనంటే ఆమె మొగుడు, కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టే పని ఆయనది, పగలంతా చుట్లు లెక్కపెట్టి సాయంత్రం పెళ్ళాన్ని ఆటపట్టించడం ఆయన సరదా. దీవి నుంచి పిలుపు వచ్చిన రోజున కూడా నవ్వాడు. "నాలుగేళ్ళు వద్దు వద్దన్న మనిషి ఇప్పుడు రమ్మంటోందంటే కిడ్నీ గానీ కావాలేమో చూసుకో." హాస్యానికన్నాడు, తెలుసు, తెలిసీ ఆమె స్నానాల గదిలో నడుం వెనక తడిమి చూసుకుంది. ఆయనకేం, ఎన్నయినా అంటాడు, అనుమానం పెనుభూతమనీ, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే అనీ. నిప్పు లేనిదే పొగ రాదన్న మాట కూడా పెద్దలే అన్నారుగా, అది మాత్రం ఆయన నోట ఒక్కనాడూ రాదు. తనతో రమ్మంటే, నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయన్నాడు. బకెట్టు నీళ్ళు చూస్తే మాత్రం తిరగవు మరి. పైగా అవతల నుంచి అక్క కూతురు కూడా, "పిన్నీ, వీలైతే నువ్వొక్కదానివే రా," అంది. ఒక్కదాన్నే ఎందుకు? ఇద్దరొస్తే ఏం బయటపడుతుందని? ఆ మాటే పైకి అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "అబ్బే, ఏం లేదు పిన్నీ, ఇల్లు చిన్నది కదా," అని గబగబా ఫోను పెట్టేసింది.

నిజానికి మొదట్లో ప్రయాణం వాయిదా వేసింది తనే, ఆ మాట ఒప్పుకోవాలి. అక్క పిలిచేది, ప్రతి సెలవలకీ పిలిచేది, సముద్రపు గాలి తగిలితే నీ ముఖానికి కాస్త కళ వస్తుందే అనేది. బళ్ళు తెరిచే కాలమొస్తే యూనిఫారాల పని, గుట్టలు గుట్టలుగా నీలం నిక్కర్లు, దుకాణం వదిలి ఎలా వెళ్తుంది? అది అయిపోతే అమ్మ మంచానపడింది. అమ్మ కాస్త లేచి తిరిగేసరికి పాస్‌పోర్టు గడువు చెల్లిపోయింది. కొత్తది తీసుకుని, సరే, ఈసారి గట్టిగా వెళ్ళాల్సిందే అని టికెట్లు కొనే వేళకి అటునుంచి ఒకటే మాట మొదలైంది. ఆగు. ముందు కొన్ని నెలలు ఫోనే లేదు. ఓడ లంగరు తగిలి దీవికి వెళ్ళే కేబులు తెగిందని బావ ఎక్కడినుంచో ఒకసారి చెప్పాడు. కేబులు అతికాక అక్క వచ్చింది ఫోనులో, వచ్చి, ఉన్నా, అంది. బాగున్నావా అంటే, ఆఁ, ఉన్నా. నామీద కోపమా అంటే, కాదు. ఎప్పుడు రమ్మంటావే అంటే, ఆగు. అంతే. తర్వాత బావ అందుకుని, పన్ను పీకించారు, మాట సరిగ్గా రావటం లేదు, అన్నాడు. ఏడాదికి ఎన్ని పళ్ళు పీకుతారయ్యా ఒక మనిషికి? ఫోను పెట్టవే తల్లీ, అన్నం మాడిపోతోందని మొత్తుకున్నా వినకుండా, పొరుగింటి కోడిపెట్ట సంగతి దగ్గర మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెప్పే మనిషి ఉన్నా, కాదు, ఆగు, ఈ మూడు మాటలతో సరిపెట్టుకుందంటే ఎవరు నమ్ముతారు? ఆ గొంతు అక్కదేనా? అక్కలాగే ఉంది, కానీ నోట్లో గుడ్డ కుక్కుకుని అక్కని అనుకరిస్తున్నట్టుంది. ఒకసారి కప్పు కూలిందన్నారు, ఒకసారి లాంచీలు తిరగటం లేదన్నారు, ఒకసారి ఏమీ అనలేదు, ఉత్త ఆగు. వద్దంటే కోపం తెచ్చుకుని ఊరుకునేది. ఆగు అంటే ఏం చెయ్యాలి మనిషి?

లాంచీ ఒక పక్కకి ఒరిగింది, పూలకుండీ ఒకటి దొర్లి ఆమె చెప్పుకి తగిలింది. ముసలావిడ నొచ్చుకుంటూ వంగితే, పరవాలేదు లెండి, అని తనే తీసి నిలబెట్టింది. ఎడంచేత్తో. ఎడమ చెయ్యి అనగానే నాన్న దుకాణం, మేడమెట్ల కింద ఇరుకు గది, ఇస్త్రీ పెట్టె ఆవిరి, గోడ పొడుగునా వేలాడే తలల్లేని చొక్కాలు, కిందికి వాలిన బల్బు, దాని కింద అక్క. అక్కది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. నాన్న ఎక్కడో వెతికి దానికోసం ఎడమచేతి కత్తెర తెప్పించాడు, ఆ కత్తెరతో దుకాణంలో ఇంకెవరు కత్తిరించినా గుడ్డ నమిలినట్టయ్యేది, అక్క పట్టుకుంటే మాత్రం వెన్నలో దిగినట్టు దిగేది. గుండీలు పెట్టడం సరేసరి. కుట్టిన కోటుని బొమ్మకి తొడిగి, పై నుంచి కింద దాకా చిట్టి చిట్టి గుండీలు, ఎడమ చెయ్యి ఒక్కదానితోనే, చూడకుండా, టకటకా పెట్టేసేది, కుడిచేతిలో పల్లీలు నములుతూ. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకు చూసేవాళ్ళు. అలా నోరు తెరిచినవాళ్ళలో బావ ఒకడు. ఒకే పంట్లాము, ఒకసారి పొట్టి చెయ్యమని తెస్తాడు, వారం తిరక్కుండా పొడుగు చెయ్యమని తెస్తాడు, నడుం బిగించమంటాడు, మళ్ళీ వదులు చెయ్యమంటాడు. ఈ అబ్బాయి ఒళ్ళు ఇలా పెరిగి తరుగుతోందేమిటే అని నాన్న బెంగపడ్డాడు పాపం. అంత అనుభవం ఉన్న నాన్నకి తట్టలేదు, పదమూడేళ్ళ చిన్నదానికి రెండో వారమే తట్టింది. అప్పట్నుంచే అతని మీద ఒక కన్ను వేసి ఉంచింది. ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగమనీ, దీవిలో ఇల్లిస్తారనీ చెప్పి, ఆ వేలాడే చొక్కాల మధ్య నుంచి అక్కని ఎత్తుకుపోయినవాడు. మాటకారి. నవ్వుతూ అబద్ధం ఆడగలిగినవాడు. పంట్లాము సాక్షి.

టపా సంచీ మనిషి ఆవలించాడు. ఊరుకుంటే ఈ గంట గడవదు, అడిగితే ఏం పోయింది, గట్టిగా గాలి పీల్చుకుని అడిగింది.

"ఏమండీ, దీవిలో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు గారి ఇల్లు తెలుసా మీకు?"

"తెలియకేం, ఉన్నవి పట్టుమని ఒక వీధి ఇళ్ళు." అతను ఈసారి నిజంగానే ఆమెని చూశాడు, ఆమె ఒళ్ళోని సంచీని చూశాడు. "అయితే ఏటేటా కోట్లు పంపే చెల్లెలు మీరేనా?"

"నేనే. పార్శిలు మీరే ఇస్తారా? సంతకం ఎవరు పెడతారు?"

"ఇదివరకు ఆవిడ పెట్టేది. ఇప్పుడు ఆయన పెడుతున్నాడు."

"ఆవిడ బాగుందా?"

"ఇప్పుడు నయమేనండీ, ఈమధ్య కుడుతోంది కూడాను," అని ఆగి, అనకూడనిది అన్నట్టు సంచీ తాడు ముడి సరిచేసుకున్నాడు. "ఎలాగూ వెళ్తున్నారుగా. మీరే చూస్తారు."

అంతే, లేచి వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాడు, అక్కడ ఏదో గాలి బాగా వస్తున్నట్టు. ఈమధ్య కుడుతోంది. మాటలు ఆమె చెవిలో చీడపురుగుల్లా దూరాయి. ఈమధ్య ఏమిటి? మా అక్క పాలపళ్ళు ఊడకముందే సూది పట్టింది. ఈమధ్య కుడుతున్నది ఎవరు? ఆవిడ అంటాడు, మీ అక్క అనడు, ఆ ఇంట్లో ఇప్పుడున్న ఆవిడ, అనుకుందామా? అదే అయితే లెక్క సరిపోతుంది, అన్నీ సరిపోతాయి, గత నాలుగేళ్ళుగా ఆమె చేత్తో కత్తిరించిన కోట్లన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడి సాక్ష్యం చెబుతాయి. దీవిలో చలిగాలి ఎక్కువ, అందుకని ఏటా ఒక కోటు కుట్టి పంపడం చిన్నదాని వంతు. కొలతకి ఆదిగా పాత కోటు అటునుంచి రావాలి, కొత్తది ఇటునుంచి పోవాలి. అది అక్కా చెల్లెళ్ళకి ఉత్తరం కన్నా ఎక్కువ. ఆది బట్ట చేతిలోకి రాగానే, మనిషి కాస్త ఒళ్ళు చేసిందా, మోచేతులు దేని మీద ఆనించి కూర్చుంటోంది, జేబులో ఏం పెడుతోంది, అన్నీ తెలిసిపోయేవి, వేరుశనగ పొట్టుతో సహా. ఫోను పలచబడిన ఏడాదే మొదటి వింత కోరిక వచ్చింది, బావ నోట, గుండీలు పెద్దవి పెట్టమంటోంది మీ అక్క. మరుసటేడు, గుండీలే వద్దంటోంది, తలమీంచి వేసుకునేట్టు కుట్టమంటోంది. గుండీలే వద్దా! గుండీలు లేకపోతే అది కోటేమిటే, గోనెసంచి, అని నాన్నతో పోట్లాడిన మనిషి! ఆ తర్వాత ఎడమ చెయ్యి వదులుగా పెట్టమంది. ఎడమవైపు జేబు లోతుగా, ఇంకా కిందికి. అడిగినవన్నీ కుట్టింది, పళ్ళు కొరుక్కుంటూ కుట్టింది, ఇవి మా అక్క కోరికలు కావు, ఎవరో కోట్లంటే తెలియని మనిషి కోరికలు, అనుకుంటూ ప్రతి టాకా వేసింది.

పోయినేడు వచ్చిన ఆదిలో అయితే దొరికిపోయారు. కింది అంచు ఊడితే ఎవరో చేత్తో కుట్టారు. ఎడమచేతి కుట్టు ఒకవైపుకి వాలుతుంది, కుడిచేతి కుట్టు ఇంకోవైపుకి, అది ఆ పనిలో ఉన్నవాళ్ళ కళ్ళకి పొడిచినట్టు కనిపిస్తుంది. అక్క కుట్టు వాలే వైపుకి కాదు, ఎదురువైపుకి వాలి ఉంది ఆ కుట్టు, పైగా ఒక టాకా పొట్టి, ఒక టాకా పొడుగు, దారం ముడి బయటికి వచ్చేసి, కొత్తగా సూది పట్టి నేర్చుకుంటున్న చెయ్యి అది. అక్క కూతురా అంటే ఆ పిల్లకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే రకం. మరెవరు? ఇది చాలదన్నట్టు ఫోటోలొకటి. అక్క ఎప్పుడూ కూర్చునే ఉంటుంది, ఎప్పుడూ బావ వెనక సగం దాక్కునే ఉంటుంది, చలిగాలికని తలకి కట్టుకున్న గుడ్డ ముఖాన్ని సగం కప్పుతుంది. ఫోనులో వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసి చూసింది చిన్నది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. అక్క భుజాలు తూకం వేసినట్టుంటాయని నాన్న మురిసిపోయేవాడు, కొత్త కోటు ఏది కుట్టినా ముందు దానికే తొడిగి చూసేవాడు. జారిన భుజం అక్కది కాదు. ఆ ముక్క ఆయనకి చూపిస్తే, ఫోటో వంకరగా తీశారు, నీ బుర్రా అలాగే ఉంది, అన్నాడు.

అమ్మ పోయిన సంగతి చెప్పడానికి తనే ఫోను చేసింది. అక్కా, అమ్మ, అంది, ఇంకేం అనక్కర్లేకపోయింది. అటువైపు ఊపిరి మాత్రం వినపడింది, ఏదో మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నట్టు, మళ్ళీ వస్తున్నట్టు, చాలాసేపు. తర్వాత బావ గొంతు, రాలేదు, మీ అక్క రాలేదు, అంది ఆ గొంతు. కన్నతల్లిని చివరిసారి చూడటానికి రాని కూతురు! చుట్టాలు అడిగితే చిన్నది తల తిప్పుకుంది. ఆ రాత్రి కోపం వచ్చింది, తెల్లారేసరికి కోపం పోయి దాని స్థానంలో భయం కూర్చుంది. రాలేదు కాదు, రాలేని చోట ఉంది. అమ్మ గుండె బలహీనం, పెద్ద కూతురు పోయిందని వింటే ఆ పూటే పోతుంది, కాబట్టి అమ్మ ఉన్నన్నాళ్ళూ దాచాలి, ఎవరినో ఒకర్ని పట్టుకుని ఉన్నా, కాదు, ఆగు, అనిపించాలి, చెల్లెల్ని రానివ్వకూడదు. ఇప్పుడు అమ్మే లేదు. ఇక దాచి ఏం లాభం, అందుకే రమ్మన్నారు. నువ్వు కుట్టే కోట్ల కోసం ఒక మనిషి చావు దాస్తారటే, అని ఆయన నవ్వాడు కానీ ఈ మాట చెప్పినప్పుడు నవ్వు మధ్యలో ఆపేశాడు. ఆపేసి, మోటారు తీగ చుట్టుకుంటూ, పోనీ వెళ్ళి చూసిరా, అన్నాడు. ఆయన కూడా నవ్వలేదంటే ఇక ఏముంది? దానికి తోడు కత్తెర. ఎడమచేతి కత్తెర. అమ్మ పోయిన కొన్నాళ్ళకి ఆది కోటులో చుట్టి పంపారు, నిన్నే ఉంచుకోమంది, అన్నాడు బావ. బతికున్న దర్జీ ఎవరైనా తన కత్తెర ఇంకొకరికి ఇస్తారా, అందులోనూ వాడటం రానిదానికి? పోయినవాళ్ళ వస్తువులే అలా పంచుతారు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఇనుము చల్లగా తగిలి, చిన్నది దుకాణం తలుపు మూసుకుని, పనివాళ్ళకి వినపడకుండా ఏడ్చింది. అయినా పూర్తిగా ఏడవలేకపోయింది, ఎందుకంటే వారం తర్వాత ఫోను మోగి, ఆ నోట్లో గుడ్డ గొంతు, "రా," అంది. "రా... చిన్నదానా." ఆ పిలుపులో ఏదో ఉంది. ఉందని అనుమానం. అనుమానమనేది చెడ్డవాటికే కాదు, ఆశకి కూడా పనికొస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

అందుకే ఈ కోటు. బావ చెప్పిన కొలతలు పక్కన పారేసి, పెట్టె అడుగున దాచుకున్న పాత ఆది తీసి, అచ్చం అక్క పెళ్ళినాటి పద్ధతిలో కుట్టింది. ఎడమ చెయ్యి బిగువుగా, భుజాలు సమానంగా, మెడ నుంచి మోకాలి దాకా కందిగింజలంత గుండీలు, ఒక్కో కాజా తన చేత్తోనే కుట్టింది, పనివాళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఇది వల. రేవులో ఎవరు నిలబడినా సరే, ముఖం గుడ్డలో దాచుకున్నా సరే, ఇదిగో నీ కోటు, వేసుకో, అంటుంది. అక్క అయితే ఎడమ చెయ్యి దానంతట అదే గుండీల మీదికి పోతుంది, పల్లీలు నములుతున్నట్టు, చూడకుండా, టకటకా. కాకపోతే అక్కడే తేలిపోతుంది. తేలితే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించలేదు. అంతదాకా ఆలోచిస్తే లాంచీ ఎక్కేదే కాదు.

మోటారు చప్పుడు సన్నబడింది. ముసలావిడ కుండీలు దగ్గరికి లాక్కుంటోంది. ఉప్పు చారల అద్దంలో మొదట ఒక మచ్చ, తర్వాత కొండ, తర్వాత ఐసు ఫ్యాక్టరీ రేకుల కప్పు, దాని కింద చెక్కరేవు. చిన్నది లేచి, ఒంటి కుట్టు చొక్కాల కిందుగా, పైకప్పు గొట్టం పట్టుకుని గడప దాకా వెళ్ళింది. టపా మనిషి పక్కకి జరిగి చోటిచ్చాడు. రేవులో ముగ్గురున్నారు. చెయ్యి ఊపుతున్నది అక్క కూతురు. బట్టతల బావ. మూడో మనిషి, ఆడమనిషి, తను పోయినేడు కుట్టిన బూడిదరంగు కోటే వేసుకుంది, గుండీలు లేనిది. కర్ర పట్టుకుని నిలబడింది. రెండడుగులు ముందుకి వేసింది, ఒక కాలు వేసి, ఇంకో కాలిని ఈడ్చి. అక్క నడక కాదు. మెట్లు రెండేసి దిగే మా అక్క నడక కానే కాదు. ఎవరే నువ్వు, మా అక్క కోటు వేసుకున్నదానివి? గొంతు దాకా వచ్చింది ఆ మాట. అప్పుడు గాలి కోటుని ఒంటికి అంటించింది, చిన్నదాని కళ్ళు అలవాటు కొద్దీ కుట్టు వెంట నడిచాయి, భుజం, చంక, చెయ్యి, జేబు. ఎడమ చెయ్యి జేబులో ఉంది. జేబులో పెట్టుకున్నట్టు లేదు, ఎవరో పెట్టినట్టుంది. వదులు చెయ్యి, లోతు జేబు, గుండీలు లేకపోవడం. ఆ జేబు తను కత్తిరించింది. ఇంకా కిందికి, ఇంకా లోతుగా, అని బావ ఫోనులో చెబుతుంటే విసుక్కుంటూ సుద్దముక్కతో గీసింది. మనిషి మారితే కొలత మారిందనుకుంది గానీ, అదే మనిషికి కొలత మారుతుందన్న మాట, ముప్ఫై ఏళ్ళుగా రోజూ ఊరి జనానికి చెప్పే మాట, తన అక్క దగ్గరికి వచ్చేసరికి తట్టలేదు. చచ్చుబడిన ఒక చేతికి ఏటేటా బట్టలు కుడుతూ, కుడుతూనే అడుగుతోంది, ఈ చెయ్యి ఎవరిదని.

దిగడానికి చెక్కపలక వేశారు. దిగింది. ఎలా దిగిందో తెలియదు. దగ్గరికి వచ్చాక ఆ ముఖం అక్క ముఖమే, సగం నవ్వుతోంది, సగం నవ్వటం లేదు. అక్క కూతురు అప్పటికే ఏడుస్తోంది. "అమ్మే వద్దంది పిన్నీ. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమవైపంతా పడిపోయింది, మాట పోయింది. సైగలతోనే అమ్మమ్మకి తెలియనివ్వద్దంది. అమ్మమ్మ పోయాక కూడా, కుడిచేతికి సూది పట్టడం వచ్చేదాకా నిన్ను రమ్మనద్దంది. ఇలా కనపడను దానికి, అని ఒకటే పట్టు."

అక్క ఆ మాటలు పట్టించుకోలేదు. కర్రని బావ చేతికిచ్చి, కుడిచేత్తో కోటు అంచు పైకి తిప్పింది, ఆదిలో చూసిన వంకర కుట్టే ఇక్కడా, ఒక టాకా పొట్టి, ఒక టాకా పొడుగు. "నా... కుట్టు," అంది. బడిలో పలక చూపించే పిల్లలా గర్వంగా చూసింది చెల్లెలి వైపు.

"చూశానక్కా," అంది చిన్నది. "చూశాను. బాగుంది." అబద్ధం. అంత చెత్త కుట్టు తన దుకాణంలో ఎవరు వేసినా విప్పించేది. గట్టిగా పట్టుకుని ఏడుద్దామనుకుంది గానీ మధ్యలో సంచీ అడ్డం వచ్చింది, అప్పుడు గుర్తొచ్చింది అందులో ఏముందో, సిగ్గుతో చితికిపోయింది. సంచీని వీపు వెనక్కి నెట్టేసింది. అక్క చూడనే చూసింది. చిన్నప్పట్నుంచీ అంతే, దాచినదేదైనా ముందు దానికే కనపడుతుంది. "ఏం... తెచ్చావ్?" అంటూ కుడిచెయ్యి చాపి జిప్పు లాగింది.

"అది కాదు, ఇంట్లో చూద్దువుగాని, అది నీకు పట్టదు అక్కా, నేను మళ్ళీ కుడతా, ఇలా ఇచ్చెయ్."

కోటు బయటికి వచ్చింది. అక్క దాన్ని పైనుంచి కిందికి చూసింది, ఆ కందిగింజల వరస పొడుగునా. తర్వాత చెల్లెలి ముఖంలోకి చూసింది. పూర్తిగా అర్థమైపోయింది దానికి, ఏమీ మిగల్లేదు. సగం ముఖం నవ్వింది. "అను... మానం," అంది, ముద్దు పేరు పెట్టి పిలిచినట్టు. కోటు బావ భుజం మీద వేసింది.

ఆ మాటకారి బావ గుండీలు లేని కోటుని అక్క తలమీంచి తీశాడు. జేబులోంచి ఎడమ చేతిని తీసి, వేళ్ళు ఒక్కొక్కటి విప్పి, కొత్త కోటు బిగువు చేతిలోకి ముందు ఆ చేతినే ఎక్కించాడు, మణికట్టు పట్టుకుని, మోచెయ్యి దగ్గర ఆగి, మెల్లగా తిప్పి, రోజూ చేసే పని కాబట్టి చూడకుండానే. ఆ తర్వాత కుడి చెయ్యి. భుజాలు సర్దాడు. సర్ది, ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడటం అతనికి ఎవరు నేర్పారో చూస్తే తెలుస్తోంది.

అక్క కుడిచెయ్యి మెడ దగ్గరి మొదటి గుండీని పట్టుకుంది. గుండీ కాజా అంచు దాకా వెళ్ళి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. గాలి చల్లగా కొడుతోంది, కోటు ముందు భాగం తెరుచుకుని రెపరెపలాడుతోంది. చిన్నదాని చేతులు రెండూ వాటంతట అవే లేచి ఆ గుండీ మీదికి వెళ్ళాయి.

"ఆగు," అంది అక్క.

లాంచీలోంచి పిండి బస్తాలు దించుతున్నారు. టపా సంచీ వీధిలోకి వెళ్ళిపోయింది. ముసలావిడ పూలకుండీలు ఒక్కొక్కటే గట్టు మీద పెట్టుకుంటోంది. మొదటి గుండీ పట్టింది. అక్క ఊపిరి పీల్చుకుని రెండోదాన్ని వెతుక్కుంది. కింద మోకాలి దాకా ఇంకా బోలెడున్నాయి. చిన్నది చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఈసారి ఆగింది.